ఖాళీ అని వ్రాసిన కొండవాలు

ఏప్రిల్ 17, 2008. గురువారం. సాయంత్రం 6.40.

నిన్న రాతికోలలో జరిగినది వరుస తప్పకుండా వ్రాసి పెడుతున్నాను. రేపు ఎవరు ఏ విధంగా చెప్పుకున్నా, నా వద్ద సక్రమమైన వివరం ఉండాలి.

1. రాతికోల సవరల ఊరికి పైనున్న కొండవాలులో ఫారెస్టు కూలీలు మొక్కల కోసం గోతులు తవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి నేను మందస బస్సు దిగి కొండ ఎక్కుతున్నాను.

2. ఊరి ఆడవాళ్ళు వచ్చి ఆ గోతుల్లో దిగి నిలబడ్డారు. కేకలు లేవు. తిట్లు లేవు. ఊరికే నిలబడ్డారు.

3. రేంజి ఆఫీసు నుండి వచ్చిన అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. ఈ వాలు మీదని ఎవరన్నారమ్మా అని అడిగాడు. పెద్దతల్లి అనే ముసలామె, "ఎవులనాలి బాబూ? మా తాతలు కూకున్న సోటు. మా చీపురుగడ్డి ఇక్కడే, మా జీలుగు సెట్లు ఇక్కడే," అంది.

4. అధికారి సంచిలో నుండి ఒక పటం తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. ఆ వాలు ఉన్నచోట "ఖాళీ" అని గుండ్రటి అక్షరాలతో వ్రాసి ఉంది.

5. ఆ పటం నాది. గిరిజన గ్రామాల్లో పనిచేసే మా స్వచ్ఛంద సంస్థ తరఫున నిరుడు నేను కొలిచి, గీసి, అన్ని కార్యాలయాలకూ పంపినది.

6. అందరూ నా వైపు చూశారు.

7. అధికారి కూలీలను ఆపించాడు. కొత్త అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ వాలు ఊరందరి ఉమ్మడి హక్కు అని గ్రామసభ తీర్మానించి, పటంతో సహా కోరితే విచారణ తేలేవరకు నాటబోమనీ, కోరకపోతే వానలు పడగానే నాటుతామనీ చెప్పి వెళ్ళాడు.

8. కొలిచిన రోజుల్లో నేను ఆ వాలు ఎవరిదని అడిగాను. నాది అని ఒక్కరూ అనలేదు. ఈ అంశం ముఖ్యం.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 18. ఉదయం 5.15.

నిద్ర సరిగా లేదు. ఎనిమిదవ అంశం మళ్ళీ చదివాను. అందులో తప్పేమీ లేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 20. ఆదివారం. మధ్యాహ్నం 1.30.

ఆరాధన ముగిసిన పిమ్మట రాతికోల పోలారావు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఊరిలో బాప్తిస్మం తీసుకున్న సగానికి అతడే పెద్ద. మిగిలిన సగం పాత పద్ధతిలోనే ఉన్నారు. పలాస సంఘానికి నేను కార్యదర్శిని గనుక అతడు నాతో మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకుంటాడు.

"సెకట్రీ గారూ, మీరు బాధపడకండి. మీ పటంలో తప్పేటుంది? అది జీలుగు వాలు. కల్లోళ్ళ సోటు. మావెవులం అటు పోం. పోయేవోళ్ళు వాక్యం వినరు."

"మీ ఆడవాళ్ళు కూడా గోతుల్లో నిలబడ్డారు కదా పోలారావు?"

"ఆడోళ్ళు చీపురుకి పోతారండి. కల్లుకి కాదు," అన్నాడు, నేలచూపులు చూస్తూ.

ఇంటికి వచ్చి ఈ మాటలు చెబితే నా భార్య హన్నా కుట్టుమిషను ఆపకుండానే, "అయితే అది ఖాళీ కాదన్నమాటే కదండీ," అంది.

ఆమెకు కొలతల సంగతి తెలియదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 22. రాత్రి 8.00.

సుహాసిని మేడమ్ విశాఖపట్నం నుండి వచ్చారు. మా సంస్థ ఇప్పిస్తున్న శిక్షణ పేరు చాలా పొడుగు: ఆదివాసీ సమాజాలతో సహ పరిశోధన, సామాజిక మార్పు నాయకత్వం. నెలకొకసారి ఆమె వచ్చి నేర్పుతారు. శిక్షణ ముగిసేసరికి మాలో ఒకరిని మండల సమన్వయకర్తగా ఎంపిక చేస్తారు. పదవ తరగతితో చదువు ఆపి, జీడిపిక్కల కార్ఖానాలో తూకాలు వ్రాస్తూ, పుస్తకం ముందు పెట్టుకుని సర్వే నేర్చుకున్నవాడిని ఎవరైనా ఎంపిక చేయగలరంటే అది ఈమె మాత్రమే. అందుచేత నేను అంశాలన్నీ వ్రాసుకుని సిద్ధంగా వెళ్ళాను.

ఆమె అంశాలు వినలేదు.

"మీరు ఎక్కడ కూర్చుని అడిగారు రూబెన్ గారూ?"

"ప్రార్థనాశాలలో, మేడమ్. అక్కడ బెంచీలు ఉన్నాయి."

"మిగతా సగం ఊరు ఎక్కడ కూర్చుంటుంది?"

"జీలుగు చెట్ల క్రింద, మేడమ్."

"అక్కడికి వెళ్ళారా?"

"నేను బాప్టిస్టును, మేడమ్."

"తెలుసు. వెళ్ళారా?"

వెళ్ళలేదని చెప్పాను. ఆమె కోపగించలేదు. కోపగించి ఉంటే తేలికగా ఉండేది. ప్రశ్న వాళ్ళది కావాలి, జవాబు వాళ్ళది కావాలి అన్నారు. మరి నాది ఏమిటి అని అడిగాను. "శ్రమ," అన్నారు. అది హాస్యమో కాదో తెలియలేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 24. సాయంత్రం 7.05.

రాతికోల. ముందుగా కబురు పంపి ప్రార్థనాశాలలో సమావేశం పెట్టాను. పోలారావు వైపు వారే వచ్చారు. నేను అడిగిన ప్రతిదానికీ "అవునండి" అన్నారు. వాలు ఊరిదేనా అంటే అవునండి. వాలు ఖాళీయేనా అంటే అవునండి.

బయటికి రాగానే ఎల్లాజీ ఎదురయ్యాడు. జీలుగు చెట్లెక్కి కల్లు దించే మనిషి. నా ఈడువాడు. మాటకు ముందు నవ్వు.

"రూబెన్ బావా, మళ్ళీ ఆ బెంచీల కాడే అడుగుతన్నావేటి?"

"ఎక్కడ అడగమంటావు?"

"బెంచీ మీద కూకుంటే కాళ్ళు ఏలాడతాయి. కాళ్ళు ఏలాడతంటే నిజం ఎలాగొత్తాది? నేల మీద కూకో. పొద్దున్న జీలుగు కాడికి రా. ఊరి మాట అక్కడే పుడతాది, అక్కడే తెగుతాది. అక్కడ తెగని మాటని మావు సభలో ఎత్తం."

"నేను తాగను."

"తాగమని ఎవులన్నారు? కూకోమన్నాను."

ఈ వాక్యం గుర్తుంచుకోవలసినది. నేను తాగనని వాళ్ళు అంగీకరించారు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 25. ఉదయం 4.50.

స్టేషను దాకా నడిచి వచ్చాను. మళ్ళీ నడిచాను.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 28. మధ్యాహ్నం 2.10.

వెళ్ళాను.

నేను ఖాళీ అని వ్రాసిన వాలులో జీలుగు చెట్లు పెద్ద పెద్ద ఆకులతో నిలబడి ఉన్నాయి. నిరుడు కూడా ఉన్నవే. ఒక చెట్టు క్రింద ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి గుండ్రంగా కూర్చున్నారు. నాకు చోటు ఇచ్చారు. పెద్దతల్లికి ఎదురుగా, ఎల్లాజీకి ప్రక్కన. ఎల్లాజీ కుండలో నుండి ఆనపకాయ డిప్పలో కల్లు పోశాడు. పెద్దతల్లి తొలి చుక్కలు నేల మీద వదిలి పెద్దల పేర్లు పలికింది. ఆ సమయంలో నేను సముద్రం వైపు చూశాను. అక్కడి నుండి ఉద్దానం కొబ్బరితోటలు, ఆ వెనుక నీటి గీత కనిపిస్తాయి.

ఒకరు మాట్లాడతారు. డిప్ప తిరుగుతుంది. నా వద్దకు వచ్చినప్పుడు మర్యాదగా తల వంచి ప్రక్కవారికి అందించాను. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దతల్లి నన్ను కొంతసేపు చూసింది, అంతే.

వాలును ఉమ్మడిగా కోరదామా అన్నదే మాట. సగం సవర భాషలో, సగం తెలుగులో. అందరూ కోరదామనే అన్నట్టు నాకు అర్థమయింది. అయినా తెగలేదు. లేచిపోయారు.

నా ప్రవర్తన మెచ్చదగినదిగా ఉందని అనుకుంటున్నాను.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


ఏప్రిల్ 30.

మళ్ళీ వెళ్ళాను. అదే మాట. డిప్ప వచ్చింది, మర్యాదగా అందించాను. తెగలేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


మే 2. శుక్రవారం.

టెక్కలి వెళ్ళి ఆర్డీవో కార్యాలయంలో విచారించాను. రాతికోల గ్రామసభ ఈ నెల ఇరవైన. ఊరిలో వయసు వచ్చిన వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది హాజరు కావాలి. అంటే ఊరిలో ఏ ఒక్క సగం వచ్చినా చాలదు. చెట్టు క్రింద వాళ్ళూ రావాలి, ప్రార్థనాశాల వాళ్ళూ రావాలి. ఇరవై దాటితే మళ్ళీ సభ వానల తరువాతే.

బస్సు కోసం నిలబడి ఉండగా ఒక చేపల బుట్టావిడ, భావనపాడు నుండి వస్తున్నదట, "కూకోండి బాబూ, అటూ ఇటూ తిరిగితే బస్సు తొందరగా వొత్తాదేటి?" అంది. నేను తిరుగుతున్నట్టు నాకు తెలియలేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


మే 5.

మూడవ పర్యాయం. ఈసారి మాటల మధ్య నేను కల్పించుకుని, చట్టంలో ఏమున్నదో, ఇరవై తేదీ ఎందుకు ముఖ్యమో, ఉమ్మడి హక్కు వలన కలిగే ప్రయోజనాలేమిటో వరుసగా వివరించాను. శ్రద్ధగా విన్నారు. ఎల్లాజీ డిప్ప నింపాడు. నా వద్దకు వచ్చింది. మర్యాదగా అందించాను.

ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమయ్యారు. పెద్దతల్లి ఎల్లాజీతో సవరలో ఏదో అంది. ఎల్లాజీ భుజాలు ఎగరేశాడు. లేచిపోయారు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


మే 6.

పెద్ద ఉపద్రవం ముందు పెట్టుకుని ఒక మాట తేల్చుకోలేని మనుషులు! దీనికి కారణం మద్యమే అని నేను అనను. కాని కారణం మద్యమే. నాయకుడంటూ ఒకడు లేని చోట ఇలాగే ఉంటుంది. ఎవరో ఒకరు ముందుకు నడపాలి. శిక్షణలో నాయకత్వమని పేరు పెట్టి వెనక్కి ఉండమని ఎందుకు చెబుతారో బోధపడదు.

నాకు సమన్వయకర్త పదవి మీద ఆశ ఉండి ఇలా వ్రాయడం లేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


మే 8.

పోలారావు పలాస వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు.

"సెకట్రీ గారూ, మీరు జీలుగు కాడ కూకుంతన్నారట."

"పని మీద కూర్చుంటున్నాను పోలారావు. ముట్టడం లేదు."

"నాను కూకుంటే మీ సంఘవోళ్ళు ఊరుకుంతారేటి? పదమూడేళ్ళయింది నాను ఆ సెట్టు నీడకెళ్ళి. మా అయ్య సచ్చిపోయినప్పుడు కూడా ఎల్లనేదు. మీరు సెప్పారనే ఎల్లనేదు. ఇప్పుడు మీరే ఎల్లి కూకుంతే మావేటైపోవాలి?"

పీట వాల్చాను. కూర్చోలేదు.

"ఆ వాలు కల్లోళ్ళదని రాసి ఎత్తితే మావు సభకి రాం. అంతే."

వెళ్ళిపోయాడు. అన్నం తినమని హన్నా కేక వేసినా తిరిగి చూడలేదు.

(సం.) నేతల రూబెన్ ప్రభాకరరావు


మే 9

ఈ రోజు సంగతి ఎలా వ్రాయాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు వ్రాస్తాను.

మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ అదే. డిప్ప వచ్చింది, అందించాను, మాట ఆగింది, లేచారు. దిగి వస్తున్న దారిలో ఓర్చుకోలేక ఎల్లాజీ మీద విసుక్కున్నాను. "మీ వాళ్ళకు ఈ జన్మలో ఒక మాట తెగుతుందా?" అన్నాను.

ఎల్లాజీ దారి మధ్యలో నిలబడిపోయాడు. నవ్వు లేదు. మొదటిసారి.

"మా వోళ్ళా? నువ్వే కదా బావా ఆపుతన్నావు!"

"నేనా?"

"మరి? డిప్ప తిప్పేసీది ఎవులు? నువ్వే కదా!"

అప్పుడు చెప్పాడు. వలయంలో ఒక మాట పడ్డాక డిప్ప తిరుగుతుంది. ఆ మాట ఇష్టమైనవాడు ఒక గుక్క తాగి ప్రక్కకి ఇస్తాడు. ఇష్టం లేనివాడు తాగకుండా ప్రక్కకి ఇస్తాడు. ఒక్కరు తాగకుండా ఇచ్చినా ఆ మాట ఆనాటికి తెగదు. ఎందుకు ఇష్టం లేదని అతడిని అడగకూడదు, అది అమర్యాద. అతడే చెప్పేదాకా ఆగాలి.

"పటంలో ఖాళీ అని రాసినోడివి. ఇక్కడికొచ్చి చట్టమంతా బాగుందని సెప్తావు. డిప్పొత్తే మాత్రం తిప్పేత్తావు. ఈ బాబుకి లోపల ఏటో ఉంది, సెప్తాడు, సెప్తాడు అనీసి మావు సూత్తన్నాం. పెద్దతల్లైతే, 'ఆయన మనసు తెలీకుండా ఎల్తే పాపం' అంది."

"నేను తాగనని నీకు తెలుసు కదా!"

"తాగవని తెలుసు. ఒద్దంటన్నావో, తాగవో, రెండూ ఒకలాగే ఉంటే ఎలాగ తెలుత్తాది? నాను సెప్పాను వోళ్ళకి. 'నువ్వెవులివి ఆయన మనసు సెప్పడానికి?' అనీసి నా మీద పడిపోయారు."

తరువాత నవ్వాడు. నాకు రాలేదు.


మే 10

ఆరు పటాలు గీశాను. అన్నిటిలోనూ వాలు ఉంది. అన్నీ చించాను. నేను గీస్తే మళ్ళీ నా పటమే.


మే 11

ఆరాధనలో లెక్కలు చదవవలసిన చోట రెండుసార్లు తడబడ్డాను. పాస్టరు అయ్యగారు ఒంట్లో బాగోలేదా అన్నారు.

మార్గాలు:

ఒకటి, ఒక గుక్క తాగడం. బాప్తిస్మం నాడు ఇచ్చిన మాట పోతుంది. పోలారావు ముఖం మళ్ళీ చూడలేను.

రెండు, వెళ్ళకపోవడం. అప్పుడు వాళ్ళు ఏమనుకుంటారు? చెప్పకుండా వెళ్ళిపోయాడు, లోపల ఏదో ఉంది అనుకుంటారు. ఆగుతారు. వాన ఆగదు.

మూడు

మూడవది దొరకలేదు. హన్నా చేతిలో కత్తెర పెట్టుకుని నా వెనుక నిలబడి ఇది చదివింది. నేను వ్రాసింది ఎవరూ చదవరాదని ఆమెకు తెలుసు.

"తాగితే తాగండి, నేకపోతే నెగండి. మజ్జిలో కూకుని అందరికీ అడ్డమేటండీ?"

"లేస్తే నేను అక్కడ ఎవరిని?"

"ఎవులూ కాదు," అంది. "అందులో సిగ్గేటుంది? నాను మీ పక్కన ఇన్నేళ్ళుగా సంఘంలో ఎవుల్నీ కాకుండానే కూకోనేదా?"

నవ్వుతూనే అంది. చాలాసేపు ఆ మాట నన్ను విడిచిపెట్టలేదు.


మే 13

ముందుగా పోలారావు ఇంటికి వెళ్ళాను. జీలుగు దగ్గరికి నాతో రమ్మన్నాను. ఎందుకన్నాడు. "నేను అక్కడ నుండి లేవబోతున్నాను. నువ్వు చూడాలి," అన్నాను. సంతోషించాడు. సంఘ కార్యదర్శి కల్లు వలయం నుండి లేచిపోవడం చూడడానికి వచ్చాడు, తువ్వాలు భుజాన వేసుకుని. కొంచెం దూరంలో ఒక బండ దగ్గర నిలబడ్డాడు.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. తెలుగులో, చిన్న వాక్యాల్లో. నేను డిప్ప అందించినది వద్దని కాదు. నా నోటికి అది కూడదు గనుక. ఈ వాలు మీదే. పటంలో ఖాళీ అని వ్రాసినప్పుడు ఈ చెట్లు నా కంటికి కనిపించాయి. కల్లు చెట్లని వదిలేశాను. ఎవరిదని అడిగానే గాని, ఇక్కడ ఏం చేస్తారని అడగలేదు.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. నవ్వు అంటుకుంది. ఎల్లాజీ కుండ పట్టుకునే నవ్వాడు.

పెద్దతల్లి మాత్రం నవ్వలేదు. "మరి ఈ మాట మొదట్లోనే సెప్పీడానికి ఏటి బాబూ? నోరు తాగడానికి పనికిరాదు గానీ సెప్పడానికి పనికొత్తాది కదా!"

"తెలియలేదమ్మా."

"సర్లే. ఎనక్కి కూకో. వరసలో ఉంటే నెక్కలోకొత్తావు. ఎనక్కుంటే సుట్టానివి."

ఒక అడుగు వెనక్కి జరిగి కూర్చున్నాను. నేను లేచిన చోట ఖాళీ అలాగే ఉంది. వాళ్ళు దగ్గరికి జరిగి మూయలేదు. ఎల్లాజీ డిప్ప నింపి కూడా పట్టుకునే ఉన్నాడు.

పెద్దతల్లి తల తిప్పకుండా అంది. "పోలీ, అది మీ అయ్య కూకునే సోటు."

బండ దగ్గర నుండి పోలారావు, "నాకు తెలుసు," అన్నాడు.

"మీ ఆవిడ ఈ కొండ చీపురు కట్టి అమ్మితేనే కదా నీ బల్లల గుడికి రేకులొచ్చాయి. వాలు పోతే రేకులు తింతావేటి?"

"ఓలమ్మో, నన్నాడిపోసుకోకే సిన్నమ్మా."

"ఆడిపోసుకోనేదు. సోటు సూపిత్తన్నాను."

పోలారావు తువ్వాలు ఒక భుజం మీద నుండి ఇంకొక భుజం మీదకు మార్చాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఎంత కష్టమయిందో నాకే తెలుసు. చివరికి వచ్చి, నా ముందు, నేను లేచిన చోట కూర్చున్నాడు.

డిప్ప బయలుదేరింది. ఒక్కొక్కరూ ఒక గుక్క. పోలారావు చేతికి వచ్చింది. రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. ప్రార్థన అని నాకు తెలుసు, ఆ పదాలు నేనే నేర్పాను. తరువాత ఒక గుక్క తాగి, ఎల్లాజీకి ఇచ్చాడు.

తెగింది.

పోలారావు మూతి తుడుచుకుని వెనక్కి తిరిగాడు. "సెకట్రీ గారూ, రాసుకుంతారేటి?"

పెన్ను జేబులోనే ఉంది. తీయలేదు.

నేను నాలుగు పర్యాయాలు కూర్చుంటే తెగనిది, లేచాక ఒక్క చుట్టులో తెగింది. ఇది మేడమ్‌కు చెప్పాలి. చెప్పాలని లేదు.


మే 16

పటం వాళ్ళే గీస్తున్నారు. ఆడవాళ్ళు వాలంతా తిరిగి ఎక్కడ చీపురు, ఎక్కడ అడ్డాకు, ఎక్కడ దుంపలు అని చెబుతారు. పోలారావు భార్య అందరికంటే గట్టిగా చెబుతుంది. ఎల్లాజీ గీస్తాడు. నన్ను టేపు కొస పట్టుకోమన్నారు. రెండుసార్లు సలహా చెప్పబోయాను. "కొస వొదిలీకు బావా," అన్నాడు ఎల్లాజీ.


మే 20

గ్రామసభ. పాఠశాల వసారాలో. ఊరంతా వచ్చింది. ప్రార్థనాశాల సగం, చెట్టు సగం. ఎవరు ఏ సగమో ఈ రోజు చెప్పడం కష్టం.

ఆ అధికారే వచ్చాడు. కొత్త పటం చూశాడు. పాత పటం తీశాడు. రెండూ బల్ల మీద ప్రక్క ప్రక్కన పెట్టాడు. నాది చాలా అందంగా ఉంది. ఇప్పటికీ.

"రూబెన్ గారూ, ఇందులో ఖాళీ అని ఉంది. అందులో ఖాళీ లేదు. ఏది నిజం?"

నేను లేచాను. అలవాటు. పెద్దతల్లి నా చొక్కా అంచు పట్టి క్రిందికి లాగింది. "కూకో బాబూ." ఆ పిమ్మట అధికారితో, "ఆ పటం ఆయన గీసుకున్నాడు. ఇది మావు గీసుకున్నాం. మా కొండ సంగతి ఆయన్నెందుకడుగుతావు? మమ్మల్నడుగు," అంది.

"ఆయన్ని కూడా అడగాలమ్మా. పాత పటం నా ఫైలులో ఉంది. అది గీసినాయన కాదంటే తప్ప నేను తీయలేను."

అందరూ నా వైపు చూశారు.

కూర్చునే చెప్పాను. "నా పటం తప్పు సార్. అడగవలసిన వాళ్ళను అడగకుండా గీశాను. వెనక్కి తీసుకుంటున్నాను."

వ్రాసి ఇవ్వమన్నాడు. ఇచ్చాను. సుహాసిని మేడమ్ గోడ ప్రక్కన నిలబడి ఉన్నారు. ఇలాంటి కాగితం వ్రాసి ఇచ్చిన మనిషిని సమన్వయకర్తగా తీసుకోరని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తీర్మానం చదివారు. చేతులు లేచాయి. సంతకాలు, వేలిముద్రలు. విచారణ తేలేవరకు ఒక్క మొక్క కూడా నాటబోమని అధికారి వ్రాసి ఇచ్చాడు.


మే 25. ఆదివారం

సంఘ కమిటీ నన్ను పిలిచింది. అయ్యగారు నెమ్మదిగానే అడిగారు.

"రూబెన్ గారూ, మీరు ఆ చెట్టు క్రింద కూర్చున్నారా?"

"కూర్చున్నానండి."

"తాగారా?"

"లేదండి."

"మరింకేం. సువార్త చెప్పడానికి వెళ్ళానని ఒక్క ముక్క వ్రాసి ఇవ్వండి, అయిపోతుంది."

"చెప్పడానికి వెళ్ళలేదండి. అడగడానికి వెళ్ళాను."

గదిలోవాళ్ళు కొంచెం కదిలారు. అయ్యగారే మళ్ళీ అందుకున్నారు. "పోలారావు తాగాడని వింటున్నాం. మీరు అక్కడే ఉన్నారట. కార్యదర్శిగా మీరు సాక్ష్యం చెప్పాలి."

"ఆ మాట నాది కాదండి. అతనిది. అతన్ని అడగండి."

"అంటే తాగాడన్నమాట."

"అతన్ని అడగండి."

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. పోలారావు. తొలి బస్సుకు మందస నుండి వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడట, మాకెవరికీ తెలియదు. లోపలికి వచ్చాడు.

"తాగానండి అయ్యగారూ. ఒక్క గుక్క. మా ఊరు ఒకటవ్వడానికి తాగాను. పెబువుకి ముందే సెప్పాను. మీకు ఇప్పుడు సెప్తన్నాను."

మూడు నెలలు అతనికి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఇవ్వబోమన్నారు. తల వంచి విన్నాడు. కార్యదర్శిగా నా వద్ద ఉండే బీరువా తాళాలు బల్ల మీద పెట్టాను. ఎవరూ అడగలేదు. ఎవరూ వద్దనలేదు.

బయట పోలారావు అన్నాడు. "మీరు లోపల సెప్పేసుంటే, నాను సప్పుడు సెయ్యకుండా బస్సెక్కి ఇంటికెల్లిపోదును."

"కోపంతోనా?"

"కాదు. సెప్పడానికి నాకేటీ మిగలదు కదా." కొంతదూరం నడిచి, "ఆకలేత్తంది. మీ ఇంట్లో ఏటుంది?" అన్నాడు.

ఎండుచేపల పులుసు ఉంది. మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. హన్నా వడ్డిస్తూ అతనిని అడుగుతూనే ఉంది: విచారణకు ఎప్పుడొస్తారు, వాలుకు ఎవరు కాపలా ఉంటున్నారు అని. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారట. ఇక నా పని ఏమిటని నేను అడిగాను.

"ఇంకా అనుకోనేదండి. పిలుత్తారు. పిలిసీదాకా ఆగండి."


మే 30

పిలవలేదు.


జూన్ 2

పిలవలేదు. పలాసలో మబ్బు వేసింది. కొండ మీద పడిందేమో.


జూన్ 4

స్టేషను దాకా నడిచాను. అన్ని పెన్సిళ్ళూ చెక్కాను. హన్నా ఆ పెన్సిళ్ళు తీసి దాచేసింది.


జూన్ 6

పిలవలేదు.


జూన్ 9

ఎల్లాజీ వచ్చాడు. ఎల్లుండి విచారణ వాళ్ళు కొండకు వస్తున్నారట. చీపురు సంగతి ఆడవాళ్ళు చెబుతారు, హద్దుల సంగతి పోలారావు చెబుతాడు, పటం ఎల్లాజీ పట్టుకుంటాడు. అన్నీ పంచుకున్నారు.

"మరి నేను?"

"అడిగాను బావా. పెద్దతల్లి సెప్పింది." గుమ్మంలో నిలబడి గొంతు మార్చి ఆమెలాగే అన్నాడు: "'రానక్కర్నేదు. వొత్తే వొద్దనం.'"

హన్నా లోపలి నుండి నవ్వింది.

తొలి బస్సుకు వెళ్తాను.